పద్నాలుగో కుర్చీ

మొన్న శనివారం మా తమ్ముడి కూతురు సుధ, మైలాపూరులో తన ఇంటికి ఆఫీసువాళ్ళను భోజనానికి పిలిచింది. కాస్త సాయంగా ఉంటానని నేను సాయంత్రమే వెళ్ళాను. వంటింట్లో కూర్చుని కొత్తిమీర తుంచుతున్నాను. సుధ బల్ల మీద ఒక సీసా పెట్టి, మెలికల ఇనుపకడ్డీని బిరడాలోకి తిప్పి లాగింది. చిన్న చప్పుడు. ఆ వెంటనే వాసన. బాగా ముగ్గిన నేరేడుపళ్ళు, తడిసిన చెక్క, వాటి వెనకాల ఎక్కడో సన్నగా మిరియాలు. "ఆస్ట్రేలియాది అత్తా. నీకు పడదేమో, కిటికీ తీసేదా?" అంది. వద్దన్నాను. కొత్తిమీర కట్ట చేతిలోనే ఉండిపోయింది. జీవితంలో ఒక్క చుక్క కూడా నేను వైన్ రుచి చూడలేదు. కానీ ఆ వాసనకు నా మనసులో ఒక మనిషి ముఖం ఉంది. కళ్ళు మూసుకుంటే ముందు ఆ చేతులు కనిపిస్తాయి, తరువాత ముఖం.

ఊరిని ఇంకా మద్రాసు అనుకునే కాలం అది. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. మాది వాషర్‌మెన్‌పేట్‌లో పసుపు, మిరపకాయల టోకు వ్యాపారం చేసిన కుటుంబం. నాన్న పోయాక కొట్టు మూతపడింది. నేను టైపు నేర్చుకుని, హార్బరు దగ్గర ఒక ఓడల ఏజెంట్ల ఆఫీసులో చేరాను. మా మేనేజరు డగ్లస్ దొర. ఆయన భార్యది ఆస్ట్రేలియాలో అడిలైడ్. అడయారు నది దగ్గర పెద్ద తోటలో వాళ్ళ బంగళా. వారానికి రెండు మధ్యాహ్నాలు నేను అక్కడికి వెళ్ళి దొరసాని ఉత్తరాలు టైపు చేయాలి. మొదటిరోజు బయలుదేరుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, "దొరలింట్లో నీళ్ళు గూడా తాగబాకు. దాహమైతే ఓర్చుకో, ఇంటికొచ్చి తాగుదువు" అంది. ఎనిమిది నెలలు అలాగే ఓర్చుకున్నాను. ఎవరైనా టీ ఇవ్వబోతే ఇప్పుడే తాగి వచ్చానని చెప్పేదాన్ని. వేసవిలో ఆ తోటలో వేడిగాలికి నాలుక అంగిట్లో అతుక్కుపోయేది.

ఆ ఇంట్లో వంట శాంతమ్మది. నలభై అయిదేళ్ళుంటాయి. పొడుగ్గా, సన్నగా ఉండేది. సన్నటి నీలం అంచు తెల్లచీర, మోచేతుల దాకా చిన్న చిన్న కాలిన మచ్చలు, మెడలో నల్లదారానికి ఒక సిలువ. నడిస్తే చప్పుడయ్యేది కాదు. ఆమె కూడా మా పేటలోనే ఉండేదట, చర్చి వెనక వీధిలో. ఆ వీధివైపు మా అమ్మ ఏనాడూ నన్ను పోనివ్వలేదు. టైపు మిషను ముందు కూర్చుని ఉంటే వంటింటి కిటికీలోంచి ఆమె తనలో తాను మాట్లాడుకునే తెలుగు వినిపించేది. ఆ పెద్ద ఇంట్లో, ఇంగ్లీషు అక్షరాల టకటకల మధ్య, ఆ మాటలు నిద్రలో ఎవరో పిలిచినట్టు ఉండేవి. అయినా చాలాకాలం నేను ఆమెతో మాట కలపలేదు. ఏమని పిలవాలో కూడా నాకు తెలిసేది కాదు.

ఆ ఏడు నేరేడుపళ్ళ కాలంలో ఓడలో ఒక చెక్కపెట్టె వచ్చింది. దొరసాని తమ్ముడికి అడిలైడ్ దగ్గరి కొండల్లో ద్రాక్షతోటలు ఉన్నాయి. అక్క కోసం తన తోట వైన్ పంపించాడు. మద్యనిషేధం గట్టిగా అమలవుతున్న రోజులవి. విదేశీయులకు పర్మిట్ మీద దొరికేది. పర్మిట్ లేనివాళ్ళకు పోస్తే ఇచ్చినవాళ్ళకూ తాగినవాళ్ళకూ శిక్ష. పెట్టె తెరిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. దొరసాని సీసాలను పక్కన పెట్టి, వాటికి చుట్టిన ఎండుగడ్డిని రెండు చేతుల్లోకి తీసుకుని ముఖానికి ఆనించుకుంది. చాలాసేపు అలాగే నిలబడింది. తరువాత కళ్ళు తుడుచుకుని నవ్వుతూ, ఈ సీసాల కోసం ఒక విందు చేయాలి అంది. వంట చేసి దానికి వైన్ వెతకడం కాదు, వైన్‌ను చూసి దానికి తగ్గ వంట చేయాలట. కారణం ఇంకొకటి కూడా ఉంది. ఆస్ట్రేలియా ఓడల కంపెనీ పెద్ద ఒకాయన, ప్రెంటిస్ అనే దొర, మద్రాసు వస్తున్నాడు. ఆ కంపెనీ ఏజెన్సీ మా ఆఫీసుకు రావాలని డగ్లస్ దొర తాపత్రయం.

దొరసాని మమ్మల్నిద్దరినీ వరండాలో కూర్చోబెట్టింది. నేను వంటకాల పేర్లు రాసుకోవడానికి కాగితం తీశాను. శాంతమ్మ కింద కూర్చుని నావైపు చూసి, "వంట సంగతి తరవాత. ముందు మనుషుల్ని చెప్పు పాపా. ఎవరెవరు వస్తుండారు, ఎవరు ఏం తినరు, ఎవరికి పళ్ళు లేవు, ఎవరికి కడుపులో పుండు ఉండాది, అన్నీ చెప్పు" అంది. ఆ ప్రశ్న నేను ఇంగ్లీషులో చెప్పగానే దొరసాని ముఖం విప్పారింది. మొత్తం పద్నాలుగు మంది. అందులో ఆరుగురు మనవాళ్ళు. ఒక రిటైరైన తెలుగు జడ్జి, ఒక తోళ్ళ వ్యాపారి, వాళ్ళ భార్యలు, ఒక డాక్టరు దంపతులు. ఎవరికీ పర్మిట్ లేదు. "అయితే ఆ ఆరుగురూ ఏం తాగుతారు?" అని శాంతమ్మ అడిగింది. దొరసాని కొంచెం తడబడి, నిమ్మరసం ఇద్దామంది. శాంతమ్మ తల అడ్డంగా ఊపింది. "మూడు రకాల సీసాలు తెరుస్తారు. ఎనిమిది మందికి మూడు రకాలు పోసి, ఆరుగురికి రాత్రంతా ఒకే నిమ్మరసమా? బల్లకి ఈడ కూర్చున్నోళ్ళు చుట్టాలు, ఆడ కూర్చున్నోళ్ళు కాపలావోళ్ళు అన్నట్టు ఉంటాది." ఆ మాటను ఇంగ్లీషులో చెప్పడానికి నేను మాటలు వెతుక్కుంటుంటే దొరసాని చెయ్యెత్తి, "అర్థమైంది" అంది.

రుచి తెలియాలని దొరసాని రకానికొక సీసా తెరిపించింది. మూడు చిన్న గ్లాసులు. ఒకటి గడ్డిపోచ రంగు, ఒకటి నేరేడు రంగు, ఒకటి కాచిన బెల్లం రంగు. మధ్యాహ్నపు ఎండ తోటలోంచి ఏటవాలుగా వచ్చి వాటిలో పడింది. బల్లగుడ్డ మీద మూడు రంగుల వెలుగు మరకలు నీళ్ళలా కదిలాయి. రుచి చూడమంటే శాంతమ్మ ఒప్పుకోలేదు. "నాలిక మీద పెట్టేది లేదు దొరసానమ్మా. ముక్కుతో చూస్తా, చాలు." ఒక్కొక్క గ్లాసూ తీసుకుని కళ్ళు మూసుకుని వాసన చూసింది. మొదటిదానికి, "పచ్చిమామిడికాయ, నిమ్మాకు. దీనికి ఎండ్రకాయలు పెడదాం. ఎన్నూరు నుంచి మా చిన్నాయన కొడుకు తెస్తాడు" అంది. రెండోదానికి, "ఇది మాంసం పిలుస్తుండాది. పొట్టేలు తొడ, మిరియాలతో. చింతపండు మాత్రం దీని పక్కకి రాకూడదు, చంపేస్తాది" అంది. మూడోదాని దగ్గర చాలాసేపు ఆగింది. "ఎండుద్రాక్ష, బెల్లంపాకం. దీనికి తాటిబెల్లం వేసి రొట్టె పుడ్డింగు" అంది. నేను ఒక్కొక్కటీ ఇంగ్లీషులో చెబుతుంటే దొరసాని నోరు తెరుచుకుని వింటోంది. తన తమ్ముడు ఉత్తరంలో ఈ మాటలే రాశాడని తరువాత నాతో చెప్పింది.

ఆ సాయంత్రం మొదటిసారి నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. ఇంత బాగా తెలిసిన నువ్వు ఎందుకు రుచి చూడలేదు అని అడిగాను. ఆమె ఉల్లిపాయలు ఒలుస్తూ తల ఎత్తకుండా చెప్పింది. "మా ఆయన హార్బర్లో మూటలు మోసేవాడు. మంచోడే, తాగనప్పుడు. ఆ వాసన మా ఇంట్లో పదేండ్లు కాపురం చేసింది పాపా. చొక్కాలో, దిండులో, నా తలలో గూడా. ఆఖరికి కల్తీది తాగి పొయ్యాడు. ఆ రోజే నాకు నేను ఒట్టు పెట్టుకున్నా." మరి ఈ విందు ఎందుకు చేస్తున్నావన్నాను. ఆమె చెయ్యి ఆగింది. "ఇది ఆ వాసన కాదు. ఇది పండు వాసన. ఎవరో దీన్ని బిడ్డ మాదిరి చూసుకోని ఉండారు. అదీగాక, దొరసానమ్మ ఆ గడ్డి మొహానికి పెట్టుకోని ఏడవడం చూసినావు గదా. పుట్టింటి వాసన పట్టుకోని ఏడ్చే మనిషికి మనం వండిపెట్టకపోతే ఎట్టా?"

తరువాతి పదిరోజులు నాకు ఇప్పటికీ నీళ్ళలోంచి చూసినట్టు మెత్తగా, కదులుతూ కనిపిస్తాయి. ఆఫీసులో పని త్వరగా ముగించుకుని బంగళాకు పరుగెత్తేదాన్ని. తెల్ల వైన్‌కు ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపుపొట్టులో చుట్టిన దిమ్మలు చెప్పాం. ఎర్రదాన్ని ఐసులో పెట్టకూడదని, గది వేడిమిలో ఉంచాలని పుస్తకంలో ఉందంది దొరసాని. "ఈ గది వేడి మీ ఊరి గది వేడా? రసం కాగినట్టు కాగుతుండాది" అని శాంతమ్మ, మంచినీళ్ళ కుండల కింద పరిచే తడిఇసుకలో ఆ సీసాలను మెడదాకా పాతిపెట్టింది. పర్మిట్ లేనివాళ్ళ కోసం ఆమె ఇంకో మూడు పానీయాలు సిద్ధం చేసింది. గడ్డిపోచ రంగుదానికి జోడీగా అల్లం, పుదీనా వేసిన లేత కొబ్బరినీళ్ళు. ఎర్రదానికి నేరేడుపళ్ళ రసం, చిటికెడు ఉప్పు, మిరియం. చివరిదానికి సుగంధివేరుతో చేసే నన్నారి. అవే గ్లాసులు, అదే సమయం, అదే వరస. దూరం నుంచి చూస్తే ఎవరి చేతిలో ఏముందో తెలియకూడదు. ఆమె నోటితో చెప్పినవన్నీ నేను కాగితం మీద పెట్టాను. నా టైపు మిషను మీద అంత అందమైన కాగితం మళ్ళీ ఎప్పుడూ తయారు కాలేదు.

విందు రోజు సాయంత్రం అయిదింటికి కబురు వచ్చింది. డాక్టరుగారి భార్యకు జ్వరం, డాక్టరుగారు ఒక్కరే వస్తారట. అంటే పదమూడు మంది. బల్ల దగ్గర పదమూడు మంది కూర్చోవడం మహా అశుభమని ఆ దొరలకు పెద్ద నమ్మకం. దొరసాని ముఖం పాలిపోయింది. గది అంతా చూసి, చివరికి నన్ను చూసింది. "రాజేశ్వరీ, నువ్వు కూర్చుంటావా? దయచేసి." వంటింట్లోకి పారిపోయాను. మాంసం తినేవాళ్ళ మధ్య కూర్చోవాలి. అమ్మ మాట ఉంది. శాంతమ్మ నన్ను చూసి, అటకమీద గుడ్డ కప్పి ఉన్న ఒక కొత్త ఇత్తడి గిన్నె దించింది. పక్కనే ఇంకో రెండు. "ఇవి మార్కెట్టు నుంచి తెచ్చి వారమైంది. మాంసం తగల్లేదు. వంకాయకూర, పప్పు, అన్నం నీకు వేరేగా చేసేస్తా, అరగంట." నేను నివ్వెరపోయాను. పిలుపు ఇప్పుడే కదా వచ్చింది, వారం ముందే నీకెలా తెలుసు అన్నాను. "పిలుస్తారని నాకేం తెలుసు? ఎనిమిది నెలలుగా ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టని పిల్లవి నువ్వు. నాకు కండ్లు లేవా? అందరికీ వండేటప్పుడు నీకు గూడా ఒక ముద్ద పెడదామనుకున్నా. తినకపోతే కాకులకి ఏద్దామనుకున్నా."

కొబ్బరినీళ్ళ గ్లాసు నా చేతిలో పెట్టింది. చర్చి వెనక వీధి మనిషి చేతి నీళ్ళు. తాగాను. ఎనిమిది నెలల దాహం ఒక్కసారిగా గొంతులోంచి దిగిపోయింది. కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆమె చూడనట్టు పొయ్యివైపు తిరిగింది.

బల్ల మీద కొవ్వొత్తులు, గాజు గ్లాసుల మీద వాటి నీడలు, తెరిచిన తలుపుల్లోంచి నది మీది గాలి. ఎండ్రకాయలు వచ్చినప్పుడు మాటలు కాసేపు ఆగిపోయాయి. రెండో వరసలో నేరేడు రంగు గ్లాసు తన ముందుకు రాగానే జడ్జిగారు ఉలిక్కిపడి, తెలుగులో, "ఏమమ్మా, ఈ వయసులో నన్ను జైలుకు పంపుతావా?" అన్నారు. శాంతమ్మ వంగి, "నేరేడుపళ్ళ రసం సామీ. జైల్లో ఇది దొరకదు" అంది. ఆయన తాగి చూసి, పకపకా నవ్వి, ఇంకో గ్లాసు అడిగారు. దొరసాని తన తమ్ముడి తోట గురించి చెబుతోంది. ఆమె అంత తేలిగ్గా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నా ముందున్న వంకాయకూర రుచి నాకు ఇప్పటికీ నోట్లో ఉంది. ఆ గంటసేపు నేనొక కలలో కూర్చుని ఉన్నాననిపించింది.

నా పక్క కుర్చీ ప్రెంటిస్ దొరది. ఆయన అప్పటికే చాలా తాగాడు. నా గ్లాసులో నేరేడురసం అయిపోయింది. ఆయన ఎర్ర సీసా అందుకుని, "రంగు ఎలాగూ ఒకటే. ఎవరికి తెలుస్తుంది? ఒక్క గుక్క" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నవ్వాడు. బల్ల అవతలి నుంచి డగ్లస్ దొర, చిరునవ్వు చెదరకుండా, "మర్యాద కోసం ఒక్క గుక్క, రాజేశ్వరీ" అన్నాడు. నా ఉద్యోగం, అమ్మ, తమ్ముడి చదువు, అన్నీ ఆ ఒక్క మాటలో వినిపించాయి. సీసా వంగింది. నా భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చి గ్లాసు మీద బోర్లా పడింది. కాలిన మచ్చల చెయ్యి. వైన్ ఆ వేళ్ళ మీద పడి, కారి, తెల్లగుడ్డ మీద పరుచుకుంది. "ఈ గ్లాసుకు వద్దు సార్" అంది శాంతమ్మ ఇంగ్లీషులో. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఉప్పు కావాలా అని అడిగినట్టు అంది. ప్రెంటిస్ ముఖం ఎర్రబడింది. దొరసాని లేచి, తన రుమాలుతో ఆ మరక మీద ఉప్పు అద్ది, "పుడ్డింగు తెద్దాం శాంతా, పద" అని ఆమె భుజం మీద చెయ్యి వేసి తనతో లోపలికి తీసుకుపోయింది.

అతిథులు వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాను. శాంతమ్మ తొట్టి దగ్గర కూర్చుని చింతపండుతో చెయ్యి తోముకుంటోంది. తోముతోంది, కడుగుతోంది, మళ్ళీ తోముతోంది. నన్ను చూసి అరచెయ్యి చాచింది. "ఇంకా వాసన వస్తుండాదా, చూడు పాపా." ఆ చేతిని పట్టుకుని ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాను. నేరేడుపళ్ళు, చెక్క, మిరియాలు. "లేదక్కా" అన్నాను. అది అబద్ధం. ఆమెను అక్కా అని పిలవడం అదే మొదలు.

మర్నాడు ఉదయం డగ్లస్ దొర నన్ను తన గదిలోకి పిలిచాడు. వంటమనిషి తరఫున ప్రెంటిస్‌కు క్షమాపణ ఉత్తరం టైపు చేయమన్నాడు. ఆమె నిరక్షరాస్యురాలు, మర్యాద తెలియనిది, తగిన చర్య తీసుకుంటాం అని రాయాలట. మిషను ముందు కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గరే వేళ్ళు ఆగిపోయాయి. ఆ కాగితం తీసేసి కొత్తది పెట్టి, నాలుగు వాక్యాలు టైపు చేశాను. ఆ గ్లాసు నాది. వద్దని చెప్పవలసింది నేను. నాకు ధైర్యం చాలక శాంతమ్మ చెప్పింది. తమకు కష్టం కలిగితే ఆ బాధ్యత నాది. కింద నా పేరు సంతకం చేసి దొర ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు. కిటికీలోంచి హార్బరు వైపు చూశాడు. "దీన్ని పంపితే ఏజెన్సీ పోవచ్చు, నీకు తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. ఇంకాసేపు చూసి, తనే కవరులో పెట్టి అంటించాడు. ఏజెన్సీ మాకు రాలేదు. ఆ ఉత్తరం వల్లనో, మరెందువల్లనో ఎవరూ చెప్పలేదు. శాంతమ్మక్క ఉద్యోగం పోలేదు, నాదీ పోలేదు. అంతకుమించి దాని గురించి ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఇంటికి వెళ్ళి అమ్మతో అంతా చెప్పేశాను. నీళ్ళు తాగానని, అన్నం తిన్నానని, ఎవరి చేతి వంటో కూడా చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. చివరికి, "ఏం చేసి పెట్టిందీ?" అని అడిగింది. వంకాయకూర అన్నాను. "నూనె మిగిలిందా, ఇంకిందా?" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నెల తిరిగాక ఒక ఆదివారం, "ఆ మనిషిని ఒకసారి పిలువు" అంది.

శాంతమ్మక్క ఉతికిన తెల్లచీరలో, చర్చి నుంచి నేరుగా వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. అమ్మ అరుగు మీద నీళ్ళు చల్లి అరిటాకు వేసింది. నేను లోపల హాల్లోంచి చూస్తున్నాను. అమ్మ ఆ ఆకును ఒక క్షణం చూసింది. తరువాత వంగి, దాన్ని తీసి, మడతపడకుండా రెండు చేతుల మీద లోపలికి తెచ్చి, హాల్లో నా ఆకు పక్కన పరిచింది. "రా తల్లీ, కూర్చో. ఎండగా ఉండాది" అంది. శాంతమ్మక్క గడప దగ్గర చెప్పులు వదిలి, ఆగి, లోపలికి వచ్చింది. ఇద్దరూ నెల్లూరు వంకాయల గురించి చాలాసేపు వాదించుకున్నారు.

డగ్లస్ దంపతులు రెండేళ్ళ తరువాత తమ దేశం వెళ్ళిపోయారు. శాంతమ్మక్క ఒక హాస్టలు వంటింట్లో చేరి, పిల్లలకు వండిపెడుతూనే ముసలిదైపోయి, ఒక వానాకాలంలో కన్నుమూసింది. నేను ఆ ఆఫీసులోనే ముప్ఫై ఏళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఆ ముప్ఫై ఏళ్ళలో నా చేత తప్పు కాగితాల మీద సంతకం పెట్టించాలని, నా కింద పనిచేసే ఆడపిల్లలను నవ్వుతూ ఇబ్బంది పెట్టాలని చూసినవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళందరికీ వద్దని చెప్పాను. మొదట్లో గొంతు వణికేది, తరువాత వణకడం మానేసింది. కోపం లేకుండా, బతిమాలకుండా, మామూలు మాట మాట్లాడినట్టు ఆ ఒక్క మాట అనగలగడం నాకు పుట్టుకతో రాలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఆఫీసు పిల్లలు అడిగితే, ఒక వంటావిడ దగ్గర అని చెప్పేదాన్ని. వాళ్ళు వేళాకోళమనుకుని నవ్వేవాళ్ళు.